ఆయన కారు కొనేదాకా

నిన్న లైబ్రరీ పార్కింగ్‌లో ఒక పికప్ ట్రక్కు స్టార్ట్ అయింది. డీజిల్ బండి. గడగడమని దగ్గి, నల్లగా ఒక ఊపిరి వదిలి, తర్వాత ఒక లయలో పడింది. చేతిలో పుస్తకాలతో అలాగే నిలబడిపోయి, "విన్నారా అంకుల్?" అనబోతూ పక్కకి తిరిగాను. పక్కన ఎవరూ లేరు. ఆయన పోయి నెల దాటింది.

డీజిల్ బండి ఎక్కడ మోగినా ఆయన నడక ఆపేసేవారు. తల కొంచెం ఎడమవైపు వంచి, కళ్ళు మూసుకుని వినేవారు. కచేరీలో ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళు వింటారే, అలాగ. విన్నాక తీర్పు చెప్పేవారు. "వీడికి మొన్ననే ఆయిల్ మార్చారు" అనో, "నాలుగో సిలిండర్ కొంచెం అలిగింది" అనో. అవి ఎంతవరకు నిజమో నాకు తెలియదు. ఆ బండివాణ్ణి అడిగే ధైర్యం నాకు లేదు, అడగాల్సిన అవసరం ఆయనకి కనిపించలేదు.

ఇంకో అలవాటు. ఆగి ఉన్న ఏ కారు దగ్గరికి వెళ్ళినా ముందుగా బానెట్ మీద అరచెయ్యి ఆనించేవారు. జ్వరం వచ్చిన పిల్లల నుదురు చూసినట్టు. మా కారు, పోస్ట్ వ్యాన్, గుడి దగ్గర ముక్కూ మొహం తెలియనివాళ్ళ కారు, అన్నీ ఒకటే. "వెచ్చగా ఉంది, ఇప్పుడే వచ్చారు" అనేవారు. లేకపోతే "చల్లబడిపోయింది పాపం" అనేవారు. ఆ 'పాపం' ఎవరికో నాకు అప్పుడు అర్థమయ్యేది కాదు.

ఆయన ఈ దేశం ఎప్పుడు వచ్చారో, ఎక్కడ చదివారో నాకు సరిగ్గా తెలియదు. అడిగితే "అప్పట్లో" అని ఒక్క మాటతో సరిపెట్టేవారు. ఉద్యోగమంతా ఒక ఇంజిన్ల ఫ్యాక్టరీలో డీజిల్ ఇంజిన్ల మధ్య గడిచిందని, అరోరాలో మా వీధి చివరి ఇల్లు వాళ్ళదని, కూతురు డాలస్‌లో ఉంటుందని తెలుసు. నాకు అంతే చాలు.

మా పరిచయం లైబ్రరీలోనే. నేను డిపెండెంట్ వీసా మీద వచ్చినదాన్ని, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఊళ్ళో చదివింది ఇంటర్ వరకే. మిగతా చదువంతా ఈ లైబ్రరీలోనే చదువుకున్నాను, ఎవరూ చెప్పకుండా, ఒక అర తర్వాత ఒక అర. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకున్నా సరే, ఏ విషయం ఏ నంబరు అరలో ఉంటుందో నాకు నోటికి వచ్చు. కార్లు 629లో ఉంటాయి. డ్రైవింగ్ నేర్చుకుంటున్న రోజుల్లో, అసలు ఈ యంత్రం లోపల ఏం జరుగుతుందో తెలియకుండా స్టీరింగ్ ఎలా పట్టుకోవడం అని ఆ అర దగ్గరికి వెళ్ళాను. ఫోన్‌లో మావారితో మాట్లాడుతూనే ఒక లావుపాటి పుస్తకం తీశాను. వెనకనుంచి తెలుగులో ఒక గొంతు వినిపించింది.

"అది వద్దమ్మాయ్. అందులో డీజిల్‌కి నాలుగే పేజీలు ఇచ్చాడు."

తిరిగి చూస్తే తెల్లటి మీసం, మెడదాకా జిప్పు లాగిన స్వెట్టర్. నా చేతిలో పుస్తకం తీసుకుని, దాని చోట దాన్ని పెట్టేసి, కింది అర నుంచి పాతది ఇంకోటి తీసి ఇచ్చారు. "ఇది చదువు. అర్థం కాకపోతే మా ఇంటికి రా. మా ఆవిడ కాఫీ ఇస్తుంది, నేను ఇంజిన్ చెప్తాను."

చదివాను. చాలావరకు అర్థమైంది. అయినా కాఫీ కోసం వెళ్ళాను.

వాళ్ళింట్లోకి అడుగు పెట్టగానే ముందు వినిపించేది మెషీన్. హాల్లో ఒక మూల, చిన్న అలమారంత మెషీన్, గాలిలోంచి ఆక్సిజన్ వడగట్టి ఇచ్చేది. గుర్రుమని సాగి, ఫుస్సుమని వదిలి, మళ్ళీ గుర్రుమనేది. దాన్నుంచి సన్నటి పారదర్శకమైన గొట్టం ఒకటి బయల్దేరి ఇల్లంతా తిరిగేది. ఆ గొట్టం ఎటు పోతే ఆంటీ అటు ఉన్నట్టు. వంటగదిలోకి వెళ్ళిందా, ఉప్మా. దేవుడి అలమార దగ్గరికి వెళ్ళిందా, పదినిమిషాలు మాటల్లేవు. ఆంటీకి ఊపిరితిత్తులు కొంచెం కొంచెంగా బిగుసుకుపోయే జబ్బు. అంకుల్ ఆ గొట్టాన్ని చూడకుండానే దాటేవారు, మనం గడప దాటినట్టు. ఒక్కసారి కూడా తొక్కగా నేను చూడలేదు.

"పెట్రోలుకి ఎవడో ఒకడు నిప్పు పెట్టాలమ్మా," అని మొదలుపెట్టారు ఆ రోజు. "డీజిల్‌కి ఆ అవసరం లేదు. నిప్పురవ్వ అక్కర్లేదు. గట్టిగా నొక్కితే చాలు, లోపల్లోపలే మండుతుంది. పైకి ఏమీ కనపడదు."

"అచ్చం మీ అంకుల్లాగే," అంది ఆంటీ, కాఫీ అందిస్తూ. ఒక్కో మాటకీ మధ్య ఊపిరి తీసుకునేది. అందువల్ల ఆవిడ వేసే జోకులు కొంచెం ఆలస్యంగా చేరేవి, చేరాక ఇంకా బాగా నవ్వొచ్చేది.

నేనూ ఊరుకోలేదు. ఆ ఇంజిన్‌ని తొలి రోజుల్లో వేరుశనగ నూనెతో కూడా నడిపి చూపించారని పుస్తకంలో చదివింది చెప్పాను. అంకుల్ మీసం కింద సంతోషం దాచుకున్నారు.

"ఆహా," అంది ఆంటీ. "అయితే మా ఆవకాయ జాడీ మీద తేలిన నూనె పోయండి. డాలస్ దాకా... ఘాటుగా పోతుంది బండి."

డాలస్ మాట రానిరోజు ఆ ఇంట్లో ఉండేది కాదు. కూతురు అక్కడ కొత్త ఇల్లు కొనుక్కుంది. ఇంట్లో చేరింది గానీ పాలు పొంగించలేదు. 'అమ్మ వచ్చి పొంగించాలి, లేకపోతే లేదు' అని కూర్చుంది. అల్లుడు నచ్చజెప్పాడు, అత్తగారు ఇండియా నుంచి ఫోన్ చేసింది, వినలేదు. ఆంటీకి అదే బెంగ. "పాలు పొంగని ఇంట్లో... నా కూతురు అన్నం వండుకు తింటోంది. నాకు ముద్ద... దిగుతుందా చెప్పు?" అనేది నాతో.

విమానం కుదరదు. ఆక్సిజన్ సిలిండర్ విమానంలోకి తీసుకెళ్ళనివ్వరు. చేత పట్టుకెళ్ళే చిన్న మెషీన్ ఆవిడకి చాలదని డాక్టర్ చెప్పాడు. ఇక మిగిలింది రోడ్డు. సెయింట్ లూయిస్ మీదుగా దిగి, ఓక్లహోమా దాటితే, మధ్యలో ఒక రాత్రి ఆగి, రెండో రోజు సాయంత్రానికి కూతురి ఇల్లు. ఇంట్లో ఉన్న పాత డీజిల్ కారులో ఆవిడ వాకిలి చివరిదాకా కూడా కూర్చోలేదు, ఆ వాసనకి దగ్గు. కాబట్టి కొత్త కారు కొనాలి.

ఏ కారు కొనాలో అంకుల్ నిర్ణయించుకున్నారు. "ఊళ్ళో కరెంటు మీద నడవాలి. పొగ ఉండకూడదు, ఆవిడ ఊపిరికి. హైవే ఎక్కాక డీజిల్ మీద నడవాలి, నా ధైర్యానికి. వెనకాల పెద్ద బ్యాటరీ ఉండాలి, దాని మీద మెషీన్ ఆగకుండా నడవాలి. అంటే ఏంటమ్మాయ్? డీజిల్ ప్లగిన్ హైబ్రిడ్. ఇంట్లో గోడకి ప్లగ్ పెడితే ఛార్జ్ అవుతుంది, దారిలో డీజిల్ పోస్తే పరిగెడుతుంది. ఇద్దరం ఒకే బండిలో కూర్చోవాలంటే ఇదొక్కటే దారి."

ఎంత చక్కగా అమరిందో అనుకున్నాను. ఒకే కారు, సగం ఆవిడ కోసం, సగం ఆయన కోసం.

మావారిది వరంగల్. ఏదైనా మొహం మీదే అంటారు. "అంకుల్, గింత ఆలోచన ఎందుకు? రెంట్‌కి ఒక పెద్ద వ్యాన్ తీస్కుంటే అయిపాయె కదా. ఇన్వర్టర్ పెట్టుకుంటే మెషీన్ నడుస్తది."

"ఇన్వర్టర్ మధ్యలో పోతే?" అన్నారు అంకుల్.

"రెండు పెట్టుకుందాం."

"రెండూ పోతే?"

మావారు నా వైపు చూశారు. ఇంటికి వచ్చాక, "గాయన కారు కొనుడు అయ్యేది కాదు, పోయేది కాదు," అన్నారు.

ఒక శనివారం నన్ను వెంటబెట్టుకుని నేపర్‌విల్‌లో ఒక షోరూమ్‌కి వెళ్ళారు. "నువ్వు చదివినదానివి, పక్కన ఉండు," అన్నారు. జీవితమంతా ఇంజిన్లు చేసిన మనిషి నన్ను 'చదివినదానివి' అన్నందుకు ఆ రోజంతా నేను నేలమీద లేను. సేల్స్ కుర్రాడు ఒక ప్లగిన్ వ్యాన్ చూపించాడు. అంకుల్ బానెట్ మీద చెయ్యి వేశారు. చుట్టూ తిరిగారు. వెనక తలుపు తీసి, ఇళ్ళలో గోడకి ఉండేలాంటి ప్లగ్ చూసి తల ఊపారు. జనవరి చలిలో బ్యాటరీ ఎంత మిగులుతుందని, కరెంటు అయిపోయాక ఇంజిన్ అందుకునేటప్పుడు ప్లగ్‌కి ఒక్క క్షణమైనా కరెంటు ఆగుతుందా అని అడిగారు. వాడు లోపలికి వెళ్ళి ఎవరినో కనుక్కుని వచ్చి ఆగదన్నాడు. అన్నీ సరిపోయాయి. నేను లోపల్లోపల పాలు పొంగించేస్తున్నాను.

"ఇది డీజిల్‌లో ఇవ్వు," అన్నారు అంకుల్.

వాడు మర్యాదగానే చెప్పాడు, డీజిల్ ప్లగిన్ తమ దగ్గరే కాదు, ఈ దేశంలో ఏ షోరూమ్‌లోనూ కొత్తది దొరకదని.

"మరి వచ్చినప్పుడు ఫోన్ చెయ్యి," అని నంబరు ఇచ్చి బయటికి వచ్చేశారు.

దారిలో నేను అడిగాను. "పోనీ మొత్తం కరెంటుదే తీసుకోకూడదా అంకుల్? అందులో ప్లగ్ ఉంటుంది, పొగ ఉండదు."

"దానికి శబ్దం లేదమ్మా. శబ్దం లేని బండిని ఎట్లా నమ్మడం? మోగుతుంటేనే కదా లోపల ప్రాణం ఉందని తెలిసేది."

వట్టి చేతులతో తిరిగి వస్తున్నా ఆయన హుషారుగా ఉన్నారు. దారిలో ఆగి ఆంటీకి ఇష్టమని మామిడిపళ్ళు కొన్నారు. అది నాకు వింతగా అనిపించింది గానీ, అంతకన్నా ఆలోచించలేదు.

యూరప్‌లో అలాంటి కార్లు అమ్మారని నాకు తెలుసు, పత్రికల గదిలో చదివాను. ఇక్కడ లేకపోతే అక్కడినుంచి తెప్పించుకోవచ్చు కదా అని నాకు పట్టుదల పెరిగింది. రిఫరెన్స్ డెస్క్ దగ్గర ఉండే ఆవిడ సాయంతో దిగుమతి నిబంధనలు వెతికాను. చట్టం భాష ఒక పట్టాన లొంగదు. ఒక్కో వాక్యం రెండుసార్లు చదివి అర్థం చేసుకున్నాను. ఇక్కడి భద్రత ప్రమాణాలకి సరిపోని విదేశీ కారుని మామూలు మనిషి తెచ్చుకోవాలంటే, అది తయారై పాతికేళ్ళు నిండాలి.

లైబ్రరీ బయట, ఆయన ఎప్పుడూ కూర్చునే బెంచీ మీద, పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను. "అంకుల్, ఆ కారు మనకి రాదు. తెప్పించుకోవాలన్నా పాతికేళ్ళు ఆగాలిట."

ఆయన నా వైపు తిరిగారు. ఆ మొహం నేను మర్చిపోలేను. బాధపడతారనుకున్నాను. మొహం వెలిగిపోయింది.

"పాతికేళ్ళా!" అన్నారు. మళ్ళీ ఇంకోసారి, తనలో తను, నోట్లో బెల్లంముక్క చప్పరించినట్టు, "పాతికేళ్ళు."

నాకు ఏమీ అర్థం కాలేదు. ఆయనకి అర్థమైంది, నాకు అర్థం కాలేదని. పార్కింగ్ వైపు చూస్తూ చెప్పారు.

"నాకు తెలుసమ్మా ఆ కారు రాదని. ముందునుంచీ తెలుసు. ఆ రోజు మా డెక్ మీద మీ ఆంటీ ఏమందో గుర్తుందా?"

గుర్తుంది. షోరూమ్‌కి వెళ్ళకముందు, వేసవిలో, వాళ్ళ పెరట్లో చెక్కలతో కట్టిన డెక్ మీద టీ తాగుతున్నాం. పొద్దు గూకుతోంది. ఎవరో డాలస్ ఎప్పుడని అడిగితే, అంకుల్ కారు ఇంకా తేలలేదన్నారు. ఆంటీ నవ్వుతూ, "మీ అంకుల్ కారు కొనేదాకా... నేను ఎక్కడికీ పోనులేమ్మా," అంది. అందరం పగలబడి నవ్వాం. ఆయన ఒక్కరే నవ్వలేదు. లేచి లోపలికి వెళ్ళి దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చారు. ఆయన దీపం పెట్టడం నేను చూసింది అదే మొదటిసారి. రాహుకాలంలో బయల్దేరితే ఇంజిన్‌కి తెలుస్తుందా అని అందరినీ ఎగతాళి చేసే మనిషి.

"అసురసంధ్య వేళ అందమ్మా ఆ మాట," అన్నారు బెంచీ మీద. "మా అమ్మ చెప్పేది, ఆ వేళకి తథాస్తు దేవతలు ఇంటి మీదుగా పోతుంటారు, ఏమంటే అది 'తథాస్తు' అంటారు, నోరు జాగ్రత్త అని. నేను జీవితంలో నమ్మలేదు. ఇప్పుడూ నమ్మననుకో. కానీ అనేసింది కదా. కారు కొనేదాకా పోనంది. కొంటే?"

నేను రాసుకొచ్చిన దిగుమతి కాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

ఆ చలికాలం ఆంటీ మెషీన్ మీద ఆక్సిజన్ అంకె పెంచారు. గొట్టం వంటగదిదాకా వెళ్ళడం మానేసింది. హాల్లో సోఫా దాకానే. అంకుల్ ఇంకా కార్ల గురించే మాట్లాడేవారు, ఇంకా హుషారుగా, ఇంకా ఎక్కువగా. ఏ దేశంలో ఏ మోడల్ వచ్చింది, ఎందుకు ఇక్కడికి రాలేదు. వినేవాళ్ళకి నవ్వులాటయిపోయింది. గుడిలో "అంకుల్, కారొచ్చిందా?" అని పిల్లలు కూడా అడిగేవాళ్ళు. "ఓడ ఎక్కిందిరా," అనేవారు.

మంచు కరగడం మొదలైన ఒక మధ్యాహ్నం ఆంటీ నన్ను రమ్మని కబురు చేసింది. నేను వెళ్ళేసరికి ఇద్దరూ హాల్లో ఉన్నారు. నేను కూర్చున్నాక, నన్ను సాక్షిగా పెట్టుకున్నట్టు, ఆవిడ మొదలుపెట్టింది.

"ఏవండీ. ఆ కారు ఇక్కడికి రాదటగా."

ఆయన చురుగ్గా నావైపు చూశారు.

"దాన్ని చూడకండి. అది ఏం చెప్పలేదు. మీతో ఇన్నేళ్ళు కాపురం చేశాను... నాకు డీజిల్ తెలియదా? షోరూమ్ నుంచి వట్టి చేతులతో వచ్చి... మామిడిపళ్ళు తెచ్చే మొగుడు... నాకు తెలియదా?"

"వస్తుందే. కొంచెం ఆగితే..."

"నేను ఆగలేను." ఆ మాట చాలా మామూలుగా అంది. "నా మాటేగా మిమ్మల్ని పట్టుకుంది. వెనక్కి తీసుకుంటున్నా."

"అన్న మాట వెనక్కి ఎట్లా వస్తుంది? అంటే అన్నట్టే."

"అయితే ఇంకోటి అంటాను."

"మిట్టమధ్యాహ్నం అన్నవి చెల్లవు," అన్నారు ఆయన. ఆ వాదంలో గెలవాలని కాదు, ఎలాగైనా దాన్ని పొడిగించాలని ఉంది ఆయనకి.

"చెల్లవా? సరే. సాయంత్రం దాకా కూర్చుంటాను."

కూర్చుంది. నిజంగానే. నేను లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. మందులు వేసుకుంది, కునుకు తీసింది, లేచి 'పొద్దు పోయిందా' అని అడిగింది. ఆయన ఎదురుకుర్చీలోంచి కదల్లేదు. కిటికీలో వెలుతురు ఎర్రబడి, తర్వాత బూడిదరంగుకి దిగింది. అప్పుడు ఆవిడ నన్ను దీపం పెట్టమంది. పెట్టాను. చీర కొంగు సర్దుకుని, ముక్కు దగ్గర గొట్టం సరిచేసుకుని, ఎవరో పైన వింటున్నట్టు కొంచెం గట్టిగా అంది.

"మా ఆయన కారు కొని... మేం డాలస్ వెళ్ళి... నా కూతురి ఇంట్లో పాలు పొంగేదాకా... నేను పోను."

తర్వాత ఆయనతో, మెల్లగా, "చాలా? ఇప్పుడు మీరు కొనకపోతే... పాలెట్లా పొంగుతాయి?"

ఆయన నవ్వారు. నవ్వు మధ్యలోనే మొహం చేతుల్లో దాచుకున్నారు. మెషీన్ గుర్రుమంటూనే ఉంది. నేను వంటగదిలోకి వెళ్ళి, చాలాసేపు, కాఫీ పెట్టడానికి అవసరమైన దానికన్నా చాలాసేపు ఉండిపోయాను.

ఆ వారమే కొన్నారు. అదే షోరూమ్, అదే వ్యాన్. డీజిల్ కాదు, మామూలు పెట్రోలుతో నడిచే ప్లగిన్. సంతకం పెట్టే ముందు మళ్ళీ బానెట్ మీద చెయ్యి ఉంచారు.

గుడి పార్కింగ్‌లో వాహన పూజ. పంతులుగారు పసుపు కుంకుమ పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, "స్టార్ట్ చేయండి" అన్నారు. మేమంతా నిలబడి చూస్తున్నాం. ఏ శబ్దమూ లేదు. పంతులుగారు ఒక నిమిషం ఆగి, "స్టార్ట్ చేయండి సార్," అన్నారు మళ్ళీ.

"చేశానండీ," అన్నారు అంకుల్ కిటికీలోంచి.

పక్క సీట్లో ఆంటీ నవ్వు మొదలైంది, వెనక మెషీన్ తప్ప ఇంకే చప్పుడూ లేని ఆ బండిలో. బండి కదిలింది. నిమ్మకాయలు చిట్లిన శబ్దం అందరికీ స్పష్టంగా వినిపించింది.

వాళ్ళు డాలస్ చేరారు. మెషీన్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. పాలు పొంగించేటప్పుడు కూతురు వీడియో కాల్ చేసింది. ఆక్సిజన్ పెట్టుకున్న మనిషి మంట దగ్గరికి వెళ్ళకూడదు. కూతురి ఇంట్లో గ్యాస్ పొయ్యి. అందుకని అంకుల్ ఇక్కడినుంచే ఇండక్షన్ స్టవ్ ఒకటి వ్యాన్‌లో వేసుకెళ్ళారు. ఆంటీ పట్టుచీరలో, కుర్చీలో కూర్చుని, పసుపు రాసిన గిన్నెలో తన చేత్తోనే పాలు పోసింది. పొంగి గిన్నె అంచు దాటి కారాయి. కూతురు ఏడుస్తోంది. ఆంటీ ఫోన్‌లోకి వంగి నాతో అంది.

"చూశావా... మీ అంకుల్ నిప్పు లేకుండా పాలు పొంగించారు... చప్పుడు లేకుండా బండి నడిపారు. ఈ వయసులో... మాయలు నేర్చారు."

ఆయన కెమెరాలో కనిపించలేదు. గిన్నె పక్కన ఆయన చెయ్యి మాత్రం కనిపించింది. పొంగిపోయిన పాలని బట్టతో తుడుస్తోంది, మెల్లగా, ఇంకా మెల్లగా, ఆ తుడవడం అయిపోకూడదన్నట్టు.

ఆ నెల దాటలేదు. కూతురి ఇంట్లోనే, ఒక ఉదయం, ఆంటీ కాఫీ వాసన వస్తోందని చెప్పి, అది వచ్చేలోపే వెళ్ళిపోయింది.

కర్మలయ్యాక ఆయన్ని అక్కడే ఉండమన్నారు. ఉండలేదు. పోనీ విమానంలో వెళ్ళండి, బండి తర్వాత పంపిస్తాం అన్నారు. వినలేదు. నేను తోడు వస్తా నాన్నా అని కూతురు బతిమాలింది. ఆవిణ్ణీ వద్దన్నారు. ఒక్కరే బయల్దేరారు. 'అక్కా, నాన్న చేరగానే ఒక్కసారి చూసి రా' అని కూతురు నాకు ఫోన్ చేసింది. మెషీన్ ఎవరికైనా ఇచ్చేయమంటే ఇవ్వలేదని, దాన్ని కూడా వెనక్కి తీసుకెళ్తున్నారని చెప్పింది.

రెండో రోజు సాయంత్రం చారు, పప్పు, అన్నం పట్టుకుని వెళ్ళాను. గరాజ్ తలుపు తెరిచే ఉంది. వ్యాన్ లోపల ఉంది. గోడకి ప్లగ్ పెట్టి లేదు. ముందు నాకు శబ్దం వినిపించింది. గుర్రుమని, ఫుస్సుమని, మళ్ళీ గుర్రుమని. ఆంటీ లోపల ఉందని, ఉప్మాకి ఉల్లిపాయ తరుగుతోందని ఒక్క క్షణం నిజంగా నమ్మాను.

వెనక తలుపు పైకి లేచి ఉంది. మెషీన్ దాని చోట, బెల్టు బిగించి, బండి ప్లగ్‌కి తగిలించి ఉంది. నడుస్తోంది. గొట్టం ముందుదాకా వెళ్ళి, పక్క సీటు మీద, నీలంరంగు శాలువా పైన చుట్ట చుట్టుకుని ఉంది. అంకుల్ వెనక అంచు మీద కూర్చుని ఉన్నారు. తల కొంచెం ఎడమవైపు వంగి ఉంది. కళ్ళు మూసుకుని వింటున్నారు.

"అంకుల్," అన్నాను. "దారంతా ఇది నడుస్తూనే ఉందా?"

కళ్ళు తెరవకుండానే తల ఊపారు. "అక్కడ బయల్దేరినప్పుడు ఆపే ఉంచానమ్మా. బండి కదిలింది. శబ్దం లేదు. ఆ వీధి చివరిదాకా కూడా పోలేకపోయాను."

నేను గిన్నెలు కింద పెట్టాను. "ఇప్పుడు ఇంటికి వచ్చేశారు కదా, ఆపనా?" అన్నాను.

ఆయన అరచెయ్యి చాచి మెషీన్ మీద ఆనించారు. నుదురు చూసినట్టే. చాలాసేపు అలాగే ఉంచారు.

"వద్దమ్మా," అన్నారు. "ఇంకా వెచ్చగానే ఉంది."